ఏ ముక్క కింద ఏది? చింతపిక్కలతో చూసుకోండి

పర్లాకిమిడిలో మా అరుగు మీద ఎమ్మెస్సీ పిల్లలతో బీజీయ మోనాయిడ్లు (గుణకారం ఉండి, అన్నిటికీ విలోమం అక్కర్లేని వ్యవస్థలు; ఇక్కడ చదరపు మాత్రికలన్నీ) చదువుతుంటే ప్రతి ఏడాదీ ఒకే చోట టెన్షన్ మొదలవుతుంది. 1986లో గణితజ్ఞుడు లెక్స్ రెన్నర్ ఇచ్చిన విభజన వరకు బాగానే ఉంటుంది: విలోమం ఉన్న ఎగువ త్రిభుజ మాత్రికలతో రెండు వైపులా గుణిస్తూ పోతే మాత్రికలన్నీ విడివిడి ముక్కలవుతాయి. ఒక్కో ముక్కకు గుర్తు, చదరంగంలో ఒకదాన్నొకటి కొట్టని ఏనుగుల అమరిక. 2×2 మాత్రికలకి 7 ముక్కలు, 3×3కి 34.

చిక్కంతా క్రమంలోనే. ఒక ముక్క ఇంకోదాని సంవృతిలో (అంటే ఆ ముక్క, దాని హద్దు కలిసినదానిలో) ఉంటే అది కింద అంటాం. కోటి (మాత్రిక ర్యాంకు, అంటే అమరికలో ఏనుగుల సంఖ్య) తక్కువైతే కిందే అనుకుంటారు, అది తప్పు.

సుద్దతో గడులు గీసి ఏనుగు ఉన్న ప్రతి గడిలో ఒక పిక్క పెట్టండి. ఎడమ దిగువ మూలను ఆనుకున్న ప్రతి దీర్ఘచతురస్రంలో పిక్కలు లెక్కపెట్టండి. మొదటి అమరిక లెక్క ఎక్కడా రెండోదాన్ని మించకపోతేనే మొదటిది కింద.

2×2లో ఎడమ దిగువ గడిలో ఒక్క పిక్క పెట్టండి, కోటి 1. పక్కన తత్సమ మాత్రిక (ఎడమ పై గడిలో ఒకటి, కుడి కింది గడిలో ఒకటి), కోటి 2. ఆ మూల గడిలో మొదటిదానికి 1, రెండోదానికి 0. మొత్తం పట్టికలో 1, 2. అంటే రెండూ పోల్చలేనివి. రెండు ముక్కల పరిమాణమూ (డైమెన్షన్) 3 అని తేలాక పిల్లల మొహాలు వెలిగిపోతాయి. 3×3 మాత్రం చేత్తో ఒక్కసారైనా వేయండి.