పాత ఎయిర్ రైఫిల్ గురి తప్పుతోందా? విప్పే ముందు చూసుకోవాల్సినవి

సెకండ్ హ్యాండ్‌లో పది మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్ కొని ఇంటికి తేగానే చేయి ముందు స్క్రూడ్రైవర్ మీదకే పోతుంది. కాస్త ఆగండి. లోపం ఎక్కడుందో కొలిచి తేల్చుకున్నాకే విప్పాలి, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ట్రిగ్గర్, పెల్లెట్ (సీసపు గుండు), ఓ రింగ్ (గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు వలయం) మూడూ ఒకే రోజు మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ చెడితే ఎక్కడ వెతకాలో అసలే తెలియదు. పిల్లల కోసం పాత రైఫిల్ కొన్న మన విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఏ పనికైనా ముందు గాలి నింపే సిలిండర్‌ను చేత్తో తిప్పి ఊడదీయండి. బ్రీచ్ (పెల్లెట్ పెట్టే వెనక భాగం) తెరిచి లోపల పెల్లెట్ లేదని కళ్లారా చూసుకోండి. తర్వాత బ్యారెల్‌ను గోడ వైపు కాకుండా పెల్లెట్ ట్రాప్ (గుండ్లను పట్టే పెట్టె) వైపు పెట్టి, గాలి చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ప్రతిసారీ కాక్ చేసి (లివర్ లాగి షాట్‌కి సిద్ధం చేసి) ట్రిగ్గర్ నొక్కండి. సిలిండర్ తీసేసినా రైఫిల్ లోపల గాలి మిగిలే ఉంటుంది.

గ్రూప్ (ఒకే గురికి కొట్టిన రంధ్రాల గుంపు) చెదిరిపోతోంది

ముందుగా మనిషిని పక్కన పెట్టాలి. రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచులు పెట్టి, రైఫిల్‌ను వాటి మీద ఆనించి పది షాట్లు కొట్టండి. బాగున్న మ్యాచ్ బ్యారెల్ అయితే పది రంధ్రాలూ కలిసి బయటి అంచు నుంచి అంచుకు ఏడు మిల్లీమీటర్ల లోపే ఉండాలి. పెల్లెట్టే 4.5 మిల్లీమీటర్లు కాబట్టి దాదాపు ఒకే రంధ్రంలా కనిపిస్తుంది. అలా వస్తే రైఫిల్‌కి ఏమీ కాలేదు, కోచ్ దగ్గరికి వెళ్లండి.

రాకపోతే మొదటి అనుమానం స్టాక్‌ను (భుజానికి ఆనే కొయ్య లేదా అల్యూమినియం భాగం) యాక్షన్‌తో (బ్రీచ్, ట్రిగ్గర్ ఉండే లోహ భాగం) కలిపే స్క్రూల మీద. చేతులు మారిన రైఫిల్‌లో ఇవి తరచుగా వదులై ఉంటాయి. సరైన అలెన్ కీతో, వీలైతే టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి. ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిదని బలం పెడితే అల్యూమినియంలో మరలు అరిగిపోతాయి.

రెండోది బ్యారెల్ ముందు ఉండే పొడుగాటి గొట్టం. ఫ్రంట్ సైట్ దీని మీదే కూర్చుంటుంది. ఇది వెంట్రుకవాసి కదిలినా గురి కదిలినట్టే. దాన్ని తీసినప్పుడు అసలు బ్యారెల్ మూతిని భూతద్దంతో చూడండి. సీసం మరకలు నక్షత్రంలా అన్ని వైపులా సమానంగా చిమ్మి ఉంటే మూతి క్షేమం. ఒక పక్క మరక దట్టంగా, ఇంకో పక్క ఖాళీగా ఉంటే అంచుకు దెబ్బ తగిలిందని అర్థం. దాన్ని లేత్ మీదే సరిచేయాలి. ఆటోనగర్‌లో లేత్‌లకు కొదవ లేదు గానీ, ఇది పంప్ షాఫ్ట్ పని కాదు. తుపాకీ బ్యారెల్ తెలిసిన చేతికే ఇవ్వండి.

మూడోది పెల్లెట్. పాత యజమాని ఏ బ్యాచ్ వాడాడో మీకు తెలియదు. 0.53 గ్రాముల చదును తల పెల్లెట్లలో 4.49, 4.50, 4.51 సైజుల చిన్న డబ్బాలు తెచ్చి ఒక్కోదానితో బల్ల మీదే గ్రూప్ తీయండి. ఏ రైఫిల్‌కి ఏది నప్పుతుందో కాగితమే చెప్పాలి. బ్యారెల్ మురికిగా ఉంటే ఫెల్ట్ పెల్లెట్లు (తుడవడానికి వాడే ఉన్ని ముక్కలు) బ్రీచ్ వైపు నుంచి తోసి తుడవండి. తుడిచిన వెంటనే కొట్టే మొదటి పదిహేను ఇరవై షాట్లను లెక్కలోకి తీసుకోకండి, లోపల సీసం పూత మళ్లీ పట్టాలి.

రాత్రి నింపిన గాలి పొద్దున్నే తగ్గింది

ఇది లీకే అనుకుని ఓ రింగ్ మార్చే ముందు మన వాతావరణం గుర్తు చేసుకోండి. రోహిణి కార్తెలో 45 డిగ్రీల మధ్యాహ్నం 200 బార్ (పీడనం కొలత) నింపి, 25 డిగ్రీల ఏసీ గదిలో పెడితే మీటర్ 187 దగ్గర నిలుస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడిందంతే. పైగా గబగబా నింపితే సిలిండరే వేడెక్కుతుంది. అందుకే నెమ్మదిగా నింపి, అరగంట ఆగి, అప్పుడు చూసిన అంకెను కాగితం మీద రాసుకోండి. మర్నాడు అదే గదిలో, అదే వేడిలో పోల్చండి.

అప్పటికీ తగ్గుతుంటే లీకే. సిలిండర్ జాయింట్, మీటర్ చుట్టూ సబ్బు నురగ బ్రష్‌తో పూయండి, సైకిల్ ట్యూబు పంక్చరు వెతికినట్టే. రైఫిల్‌ను మాత్రం నీళ్లలో ముంచకూడదు. బుడగలు ఎక్కడా రాలేదంటే బ్యారెల్ మూతికి సన్నటి టిష్యూ ముక్క అడ్డం పెట్టి చూడండి. అది కదిలితే గాలి ఫైరింగ్ వాల్వ్ నుంచి పోతోంది, అది సర్వీసు వాళ్ల పని.

జాయింట్ ఓ రింగ్ మాత్రం ఇంట్లో మార్చుకోవచ్చు. పాతది తీసేటప్పుడు సూది వాడకండి, గాడిలో గీత పడితే ఎన్ని రింగులు మార్చినా గాలి ఆగదు. చెక్క టూత్‌పిక్ చాలు. పాత రింగుతో ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీల్స్ అమ్మే షాపుకు వెళితే లోపలి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిచి ఇస్తారు. మందంలో పావు మిల్లీమీటరు తేడా ఉన్నా తీసుకోవద్దు. కొత్తదానికి సిలికాన్ గ్రీజు వేలికి అంటినంత రాస్తే సరిపోతుంది. బైక్ గ్రీజు, కొబ్బరి నూనె, స్ప్రే ఆయిల్ అధిక పీడనం దరిదాపుల్లోకి రానివ్వకండి. వెల్డింగ్ షాపులోనో ఆసుపత్రి సిలిండర్ నుంచో ఆక్సిజన్ నింపడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. నూనె మరక తగిలినా పేలుతుంది.

సిలిండర్ మీద చెక్కిన తేదీ కూడా చూడండి. మ్యాచ్ రైఫిల్ సిలిండర్లకు మామూలుగా పదేళ్ల గడువు ఉంటుంది. గడువు దాటిన సిలిండర్‌తో పోటీలో దిగనివ్వరు, ఇంట్లోనూ నింపకూడదు. కొనేటప్పుడే ఈ తేదీ అడిగి, కొత్త సిలిండర్ ఖరీదు బేరంలో తగ్గించమనండి.

మొదటి షాట్ ఒక చోట, మిగతావి ఇంకో చోట

కాసేపు ఊరుకున్నాక కొట్టిన మొదటి షాట్ ఒక్కటే పైకో కిందకో పోతుంటే రెగ్యులేటర్ మీద అనుమానపడాలి. సిలిండర్‌లోని పీడనాన్ని స్థిరంగా తగ్గించి ఇవ్వడం దాని పని. లోపలి సీటు అరిగినా, మురికి చేరినా పీడనం మెల్లగా పైకి పాకుతూ పోతుంది. క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) ఉంటే వరుసగా పది షాట్లు కొట్టి, పది నిమిషాలు ఆగి ఇంకొకటి కొట్టండి. వేగం సెకనుకు 170 మీటర్లకు అటూ ఇటూగా ఉండాలి. పది షాట్లలో ఎక్కువకూ తక్కువకూ మధ్య మూడు మీటర్లు మించకపోతే మంచిది. ఆగి కొట్టినది వాటి నుంచి విడిపోతే దోషం దొరికినట్టే.

దీనికి మన ప్రాంతంలో పెద్ద కారణం తేమ. కృష్ణా తీరంలో చేతి పంపుతో నింపితే గాలితో పాటు నీరూ లోపలికి పోతుంది. అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొడి కనిపించిందంటే నీరు చేరిందనే. పంపుకు తేమ పీల్చే ఫిల్టర్ తగిలించండి, కొద్ది నిమిషాలకోసారి ఆపి కింది వాల్వ్ తెరిచి నీటిని వదలండి. రెగ్యులేటర్‌ను మాత్రం ఇంట్లో విప్పవద్దనే నేను గట్టిగా చెబుతాను. దాని లోపలి వాషర్ల వరుస తారుమారైతే పీడనమే మారిపోతుంది.

ట్రిగ్గర్ ఒక్కోసారి ఒక్కోలా తెగుతోంది (షాట్ విడుదల చేస్తోంది)

ఎక్కువసార్లు కారణం పాత యజమాని పోసిన నూనె. అది దుమ్ముతో కలిసి జిగురైపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బడ్‌తో తుడిచి పొడిగా వదిలేయండి. స్క్రూలు తిప్పే ముందు ఫోటో తీసి, ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి. సరిచేశాక ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, భుజానికి ఆనే వెనక చివరను రబ్బరు మ్యాట్ మీద మెల్లగా తట్టండి. ట్రిగ్గర్ దానంతట అది తెగితే అంత తేలిక సెట్టింగ్ ప్రమాదం, వెనక్కి తిప్పండి.

సైట్ క్లిక్కులు తిప్పినా గుండు అటు పోవడం లేదు

ఇరవై క్లిక్కులు కుడికి, ఇరవై పైకి, ఇరవై ఎడమకు, ఇరవై కిందకి తిప్పుతూ ప్రతి మూలలో కొట్టండి. చివరి గ్రూప్ మొదటిదాని మీదే పడాలి. పడకపోతే లోపలి స్ప్రింగ్ అలసిపోయింది. కొత్త డయాప్టర్ (వెనక సైట్) వచ్చేదాకా ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి తిప్పి ఆపితే పని నడుస్తుంది.

స్ప్రింగ్ రైఫిల్ అయితే

సిలిండర్ లేకుండా స్ప్రింగ్ బలంతో కొట్టే రైఫిల్‌లో వేగం తగ్గితే ముందు బ్రీచ్ సీల్ చూడండి. మూసిన బ్రీచ్ పక్కన టిష్యూ పెట్టి కొట్టినప్పుడు అది ఎగిరితే సీల్ పోయినట్టే, అది చవక పని. మెయిన్ స్ప్రింగ్ మాత్రం దాన్ని అదిమిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పితే మొహం మీదకు ఎగురుతుంది.

అప్‌గ్రేడ్ గురించి

శక్తి పెంచే పార్టుల జోలికి పోవద్దు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్‌కి 7.5 జౌళ్లు చాలు. కాగితం మీద పది అంకె చుక్క వ్యాసం అర మిల్లీమీటరే, దాన్ని తాకడానికి శక్తి ఏమీ సాయపడదు. ఆ డబ్బుతో మంచి ఫ్రంట్ సైట్ రింగులు కొనండి. నల్ల బొమ్మ చుట్టూ తెల్ల వలయం ధారాళంగా కనిపించేంత పెద్ద రింగ్ ఎంచుకోండి. తర్వాతి ఖర్చు అన్ని వైపులా జరిగే బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక) మీద పెట్టండి. ఎదిగే పిల్లలకు మూడు నాలుగు నెలలకోసారి బట్ ప్లేట్, చీక్‌పీస్ (చెంప ఆనించే భాగం) కొలతలు మార్చాల్సిందే. మార్చిన ప్రతిసారీ స్కేలు మీద అంకెను తేదీతో సహా పెల్లెట్ డబ్బా మూత మీద రాసిపెట్టండి.