డీఎన్‌ఏ రిపోర్టులో అంకెను ఎలా చదవాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడగాలి

మా లాయర్ ఆఫీసులో జూనియర్ చేతికి ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) డీఎన్‌ఏ రిపోర్టు ఇస్తే ముందు ఒక పని చేయిస్తాను. అందులోని అంకె ఏ ప్రశ్నకు జవాబో కాగితం మీద రాయమంటాను. "మరక ముద్దాయిది కాకపోయినా ప్రొఫైల్ కలిసే అవకాశం 10 లక్షల్లో ఒకటి." రిపోర్టు చెప్పేది ఇంతవరకే. పీపీ (ప్రభుత్వ న్యాయవాది) గారు దాన్ని "ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశం 10 లక్షల్లో ఒకటి" అని చదివితే అక్కడికక్కడే లేచి అభ్యంతరం చెప్పండి.

జడ్జి గారికి లెక్క వేసి చూపించండి. అనుమానించదగిన మనుషులు 20 లక్షల మంది ఉన్న నగరం అనుకుందాం. నేరస్థుడు కాకుండా ఊరికే కలిసేవాళ్లు సగటున ఇద్దరుంటారు. అతనితో కలిపి ముగ్గురు. వేరే సాక్ష్యం ఏమీ లేకపోతే మన ముద్దాయే ఆ మనిషి అయ్యే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. అలాగని రిపోర్టు ఎందుకూ పనికిరాదని మనం వాదించకూడదు. 20 లక్షల మందిని ముగ్గురికి తెచ్చింది కదా! సీసీటీవీ, కాల్ డేటా కూడా అతని వైపే చూపిస్తే కేసు గట్టిదే.

తర్వాత గుణకారాలు వెతకండి. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అనే సొలిసిటర్ పసిబిడ్డలిద్దరూ 1996లో ఒకరు, 1998లో ఒకరు చనిపోయారు. తల్లే చంపిందని కేసు. అలాంటి కుటుంబంలో బిడ్డ నిద్రలో కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటని పిల్లల వైద్య నిపుణుడు రాయ్ మెడో సాక్ష్యం చెప్పారు. ఇద్దరు కాబట్టి దాన్ని దానితోనే గుణించి 7 కోట్ల 30 లక్షల్లో ఒకటన్నారు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే రక్తం. మొదటి మరణానికి కారణమైనదే రెండోదానికీ కారణం కావచ్చు. అలాంటప్పుడు గుణించడం చెల్లదు. పైగా తల్లి ఇద్దరు బిడ్డల్ని చంపడం కూడా చాలా అరుదు. పోల్చాల్సింది ఆ రెండు అరుదైన సంగతుల్ని. 1999లో ఆమెకు యావజ్జీవం పడింది. లెక్క తప్పని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగంగా చెప్పింది. రెండో బిడ్డ ల్యాబ్ పరీక్షల్లో బ్యాక్టీరియా కనిపించిన సంగతిని డిఫెన్స్‌కు చెప్పలేదని బయటపడ్డాక, 2003లో శిక్ష రద్దయింది. 2007లో ఆమె చనిపోయింది. ఆ కేసు గురించి చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోతుంది.

మన కోర్టుల్లో ఇంకో చిక్కుంది. బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 329వ సెక్షన్ కింద ప్రభుత్వ ల్యాబ్ రిపోర్టు నిపుణుడు రాకుండానే సాక్ష్యంగా మార్కు అయిపోతుంది. ఊరుకోకండి. పిలిపించమని పిటిషన్ వేయండి. వచ్చాక అడగండి: ముద్దాయి అన్నదమ్ములకు ఈ అంకె వర్తిస్తుందా? ఏ జనాభా డేటాతో లెక్కించారు? శాంపిల్స్ తారుమారయ్యే, కలిసిపోయే అవకాశం ఇందులో చేరిందా? మామూలుగా చేరదు. వెయ్యికి ఒక పొరపాటు జరిగే ల్యాబ్ అయితే, కోట్లలో ఒకటన్న అంకె కన్నా ఆ పొరపాటే పెద్దది. రిపోర్టులో అంకే లేకుండా "మ్యాచ్ అయింది" అని మాత్రమే ఉంటే, ల్యాబ్‌లో పరీక్ష వివరాలు రాసుకున్న వర్క్‌షీట్లు తెప్పించమని ఆ పిటిషన్‌లోనే కోరండి.