కాన్ఫిగ్ మార్చినా మారట్లేదా? ముందు ఏ ఫైల్ చదువుతోందో చూడండి

మారతహళ్లి పీజీలో మా రూమ్‌లో ఉండే తమ్ముడు మొన్న రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ఎత్తుకొచ్చి "అన్నా, గిట్‌లో ఈమెయిల్ మార్చేశా, అయినా కమిట్ మీద నా పాత జీమెయిలే పడుతోంది" అన్నాడు. (గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే టూల్, కమిట్ అంటే అందులో సేవ్ చేసిన ఒక్కో మార్పు.) కాన్ఫిగ్ ఫైల్, అంటే సెట్టింగ్‌లు ఉండే ఫైల్, తెరిచి చూస్తే నిజంగానే ఆఫీసు మెయిలే ఉంది, పాపం అప్పటికి వాడు నాలుగుసార్లు సేవ్ కొట్టి, ఒకసారి రీస్టార్ట్ కూడా చేశాడంట.

విషయం ఏంటంటే గిట్ ఒక్క ఫైల్ చూసి ఊరుకోదు. మెషిన్ మొత్తానికి /ఈటీసీ/గిట్‌కాన్ఫిగ్, మన యూజర్‌కి హోమ్ ఫోల్డర్‌లో .గిట్‌కాన్ఫిగ్, ఆ ఒక్క రెపోకి (గిట్ చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి) .గిట్ ఫోల్డర్ లోపల కాన్ఫిగ్, ఇదే వరసలో చదువుకుంటూ పోతుంది, చివర చదివిందే నెగ్గుతుంది. వీడు హోమ్‌లోది మార్చాడు. రెపో లోపల నిల్చుని ఇది కొట్టించా:

గిట్ కాన్ఫిగ్ --షో-ఒరిజిన్ --గెట్-ఆల్ యూజర్.ఈమెయిల్

రెండు లైన్లొచ్చాయి, కిందది రెపో ఫైల్, అందులో జీమెయిల్. ఎప్పుడో ఏదో వీడియో చూసి పెట్టుకుని మర్చిపోయాడు. అక్కడే గిట్ కాన్ఫిగ్ --అన్‌సెట్ యూజర్.ఈమెయిల్ కొడితే అది పోయింది. ఇంకా పుష్ చేయని (సర్వర్‌కి పంపని) ఆఖరి కమిట్‌ని గిట్ కమిట్ --అమెండ్ --రీసెట్-ఆథర్ తో సరిచేసుకున్నాడు.

ఇదంతా చూసినా కుదరకపోతే షెల్‌లో (కమాండ్లు కొట్టే చోట) గిట్_ఆథర్_ఈమెయిల్ అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఏమైనా ఎక్స్‌పోర్ట్ అయి ఉందేమో చూడండి, అది ఉంటే ఈ ఫైళ్లన్నిటినీ తొక్కేస్తుంది, పైగా పైన చెప్పిన కమాండ్‌లో అసలు కనిపించదు.

ఒక్క కమాండ్‌కి మాత్రమే మార్చాలంటే ఫైల్ జోలికి పోనక్కర్లేదు, -సి (చిన్న అక్షరం c) ఆప్షన్‌తో అక్కడికక్కడే విలువ ఇచ్చేయొచ్చు. కానీ అది గిట్ పక్కనే రావాలి, కమిట్ తర్వాత కాదు. కమిట్ తర్వాత పెట్టారంటే పాత కమిట్ మెసేజ్‌ని తెచ్చి వాడుకోమని అర్థం, అదే అక్షరానికి రెండు పనులు పెట్టిన మహానుభావుడెవరో గానీ నేనూ ఇక్కడ ఒకసారి బోల్తా పడ్డా.

ఇప్పుడు ఎస్ఎస్‌హెచ్, అంటే దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే టూల్. ఇది పూర్తిగా రివర్స్, మొదట దొరికిందే నెగ్గుతుంది! ముందు కమాండ్ లైన్‌లో ఇచ్చింది, తర్వాత హోమ్‌లో .ఎస్ఎస్‌హెచ్/కాన్ఫిగ్, ఆఖర్న సిస్టమ్ ఫైల్. అందుకే హోస్ట్ * బ్లాక్‌ని (అన్ని సర్వర్లకీ వర్తించేదాన్ని) ఫైల్ పైన పెట్టి అందులో యూజర్ రాస్తే, కింద ఒక్కో సర్వర్‌కి మీరు ఎంత శ్రద్ధగా వేరే యూజర్ రాసుకున్నా దండగే. దాన్ని అడుక్కి దించండి. తర్వాత ఎస్ఎస్‌హెచ్ -జి (పెద్ద అక్షరం G) పక్కన సర్వర్ పేరు ఇస్తే, కనెక్ట్ అవ్వకుండానే, ఆఖరికి ఏ యూజర్, ఏ పోర్ట్, ఏ కీ వాడబోతోందో మొత్తం ప్రింట్ చేస్తుంది.

సర్వర్ వైపు ఎస్ఎస్‌హెచ్‌డీ (లాగిన్‌లను లోపలికి తీసుకునే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ముట్టుకుంటే మాత్రం జాగ్రత్త. ఎస్ఎస్‌హెచ్‌డీ -టి (చిన్న అక్షరం t) కొట్టి తప్పులేమీ లేవని చూశాకే రీలోడ్ చేయండి, ఉన్న సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్‌లో లాగిన్ అయి చూడండి, అది లోపలికెళ్లాకే పాతది మూయండి.