బొగ్గుబావిలో రూఫ్ కుంగినా, సైడ్ రాలినా: ముందు కారణం, తర్వాత సపోర్ట్

రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు అండర్‌గ్రౌండ్ బావుల్లో పనిచేసే ఓవర్‌మన్‌లు, సర్దార్లు (షిఫ్ట్‌లో పని, భద్రత చూసేవాళ్ళు), కొత్తగా చేరిన ఇంజినీర్ల కోసం ఇది రాస్తున్నాను. రూఫ్, అంటే తలపైనున్న రాతి కప్పు, కదిలిందనగానే "ఇంకో నాలుగు బోల్టులు కొట్టండి" అనడం మన దగ్గర అలవాటు. బోల్టు అంటే రూఫ్‌లో రంధ్రం చేసి బిగించే ఇనుప కడ్డీ. ఒక్కోసారి అది సరిపోతుంది. కానీ పగులు ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా కొట్టిన బోల్టు, కదిలే పొరతో పాటే కిందికి దిగుతుంది. ఏది వెతకడానికి వెళ్ళినా సపోర్ట్ పెట్టిన రూఫ్ కిందే నిలబడి చూడండి.

రూఫ్ మధ్యలో కుంగుతోంది, కొడితే బోలుగా మోగుతోంది

కారణం పొరలు విడిపోవడం. షేల్, క్లే లాంటి పలుచని పొరలు పైనున్న గట్టి ఇసుకరాయి నుంచి విడివడి, తమ బరువు తామే మోసుకునే దూలాల్లా మారతాయి. రాయి నొక్కుడుకు బాగా తట్టుకుంటుంది, లాగుడుకు అసలు తట్టుకోదు. కుంగిన పొర అడుగున, గ్యాలరీ (బొగ్గులో తోలిన సొరంగం) మధ్యలో, పుట్టేది లాగుడే.

ఇక్కడ వెడల్పును తేలిగ్గా తీసుకోవద్దు. ఒక పొర కుంగే కొలత వెడల్పు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, మందం వర్గంతో తగ్గుతుంది. 4.2 మీటర్ల గ్యాలరీ బ్లాస్టింగ్‌లో సైడ్లు (పక్క గోడలు) ఊడి 4.8 అయిందనుకోండి. పెరిగింది 60 సెంటీమీటర్లే, కుంగుడు మాత్రం 70 శాతం ఎక్కువవుతుంది. గ్యాలరీలు కలిసే జంక్షన్‌లో మూలకు మూలకు కొలిస్తే అదే 4.8 దాదాపు 6.8 మీటర్లు. జంక్షన్ల మీద అంత గట్టిగా పట్టుబట్టేది అందుకే.

పరిష్కారం: పొరలు విడిపోకముందే వాటిని కలిపి కుట్టాలి. బ్లాస్టింగ్ అయ్యాక బోల్టింగ్ ఎంత ఆలస్యమైతే అంత నష్టం. రూఫ్ లోపల రెండు ఎత్తుల్లో కదలిక చూపే టెల్‌టేల్ ఉంటే పని సులువు. కదలిక బోల్టు పొడవు లోపలే ఉంటే బోల్టులు దగ్గర చెయ్యాలి, లేదా గ్రౌట్ (బోల్టును రాయికి పట్టించే సిమెంట్ లేదా రెజిన్) నాణ్యత చూడాలి. కదలిక బోల్టు చివరకంటే పైన ఉంటే 1.8 మీటర్ల బోల్టులు ఎన్ని కొట్టినా దండగే. పైనున్న గట్టి పొరను పట్టుకునే కేబుల్ బోల్టులు (పొడవైన ఉక్కు తాళ్ళు) కావాలి. రీడింగ్ మొత్తం ఎంత అన్నదానికంటే అది రోజురోజుకీ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది నాకు ముఖ్యం. 10 మిల్లీమీటర్లు కదిలి ఆగిన రూఫ్ కంటే, 3 దగ్గర ఉండి వేగం పుంజుకుంటున్న రూఫ్ నన్ను ఎక్కువ భయపెడుతుంది.

బోల్టు ప్లేట్ వదులుగా ఊగుతోంది

రాయిని అనుమానించే ముందు పనితనాన్ని చూడండి. రంధ్రం పెద్దదైనా, సిమెంట్ క్యాప్సూల్ సరిగా నానకపోయినా, రెజిన్‌ను తగినంత సేపు తిప్పకపోయినా పట్టు రాదు. పుల్ టెస్ట్ (బోల్టును లాగి చూడడం) చేస్తే తేలిపోతుంది. టెస్ట్‌లో పట్టు బాగానే ఉండి ప్లేట్ వదులైతే, ప్లేట్ పైనున్న రాయి గాలిలోని తేమకు మెత్తబడి రాలిపోయిందన్నమాట. వానాకాలంలో బయటి నుంచి ఇన్‌టేక్ గాలి వచ్చే దారుల్లో క్లే రూఫ్‌కి ఇది ఎక్కువ. అక్కడ మెష్ (ఇనుప వల) వేసి షాట్‌క్రీట్ (చిమ్మే కాంక్రీట్) పూయడమో, రూఫ్‌కి కొంత బొగ్గు వదిలెయ్యడమో మేలు.

రూఫ్ మూలలో, ఒక పక్కనే గాడిలా రాలుతోంది

ఒక దిశలో తోలిన గ్యాలరీలన్నీ ఇలా చెడిపోయి, వాటికి అడ్డంగా ఉన్నవి శుభ్రంగా ఉన్నాయా? అయితే నేలలోని అడ్డపు ఒత్తిడిని అనుమానించాలి. ప్రాప్ (నిలువు ఊత) పైనుంచి వచ్చే బరువును ఆపుతుంది, పక్క నుంచి నొక్కేదాన్ని ఆపదు. మూలల్లో బోల్టులను సైడ్ వైపు వాల్చి కొట్టడం తాత్కాలిక సాయం. హైడ్రోఫ్రాక్చర్ పరీక్షతో (రంధ్రంలో నీటి ఒత్తిడితో రాయిని పగలగొట్టి చూసేది) ఆ ఒత్తిడి దిశ కొలిపించి, వచ్చే ప్యానెల్‌లో ప్రధాన గ్యాలరీలను దానికి సమాంతరంగా తోలడమే అసలు పరిష్కారం.

సైడ్లు ఊడిపడుతున్నాయి

ఒకే వైపు సైడ్లు పలకల్లా ఊడితే అది బొగ్గులోని సహజమైన క్లీట్ (పగుళ్ళ వరుస). సైడ్ బోల్టులు, మెష్ చాలు.

పిల్లర్ (రూఫ్‌ను మోయడానికి వదిలిన బొగ్గు దిమ్మ) నాలుగు వైపులా రాలి నడుము సన్నబడుతుంటే లెక్క వేరు. 300 మీటర్ల లోతులో నిలువు ఒత్తిడి సుమారు 7.5 మెగాపాస్కల్. సెంటర్ నుంచి సెంటర్‌కి 30 మీటర్లు, గ్యాలరీ 4.5 మీటర్లు అయితే పిల్లర్ మీద సగటున 10.4 పడుతుంది. పక్కన గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీ) ఉంటే ఇంకా పెరుగుతుంది. రాలిన బొగ్గును ఎత్తేసి గ్యాలరీ శుభ్రం చేద్దామనిపిస్తుంది. అవసరం లేకుండా అలా చెయ్యవద్దు. ఆ కుప్ప పిల్లర్ అడుగును పక్క నుంచి పట్టుకుని ఉంటుంది. మెష్ వేసి, తర్వాతి పిల్లర్లు పెద్దవి వదలాలి.

సైడ్ రాలడం మన బావుల్లో ముందస్తు హెచ్చరిక. గట్టిరాయి గనుల్లో ఆ అదృష్టం తక్కువ. 2001లో మూతపడ్డ కోలార్ బంగారు గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. అక్కడి గట్టిరాయి ఒత్తిడిని దాచుకుని ఒక్కసారిగా పేలేది.

నేల ఉబ్బుతోంది

మెత్తని క్లే నేల, దానిమీద నిలిచిన నీళ్ళు. పిల్లర్ కింద నొక్కుకుపోయిన మట్టి గ్యాలరీలోకి పొంగుతుంది. ముందు నీళ్ళు తోడండి. ట్రాక్ కోసం ఉబ్బిన నేలను చెక్కుతూ పోతే మళ్ళీ ఉబ్బుతుంది.

గోఫ్ పక్కన ప్రాప్‌లు వంగుతున్నాయి, పైనుంచి చప్పుళ్ళు

డిపిల్లరింగ్‌లో (పిల్లర్లను కూడా తవ్వి తీసే దశలో) మందపాటి ఇసుకరాయి కూలకుండా వేలాడుతోందని అర్థం. ఆ బరువంతా అంచు పిల్లర్ల మీదికి వస్తుంది. ఒక్కసారిగా కూలితే గాలి తోపు మనుషుల్ని విసిరేస్తుంది. ఇక్కడ కొత్త ప్రాప్‌లు పెట్టించడం పరిష్కారం కాదు. వెంటనే మనుషుల్ని, మెషీన్లను వెనక్కి తీయాలి. రీడింగులు నిలకడగా ఉన్నాయని తేలాకే, వేలాడే రూఫ్‌ను బ్లాస్టింగ్‌తో దింపే పని మేనేజర్ అనుమతితో మొదలుపెట్టాలి.