లక్షణం ఒక వ్యవస్థలో, కారణం మరో వ్యవస్థలో: వాణిజ్య భవనాల సాంకేతిక ఏర్పాట్లలో సమస్య - పరిష్కారం

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో ఇప్పుడు కడుతున్న బట్టల షోరూములోనో, లాడ్జిలోనో, నర్సింగ్‌హోములోనో, కల్యాణ మండపంలోనో కెమెరాలు, అగ్నిప్రమాద హెచ్చరిక, కార్డుతో తెరుచుకునే తలుపులు, వైఫై, ఏసీల నియంత్రణ, మైకు సెట్టు అన్నీ ఒకే కప్పు కింద ఉంటున్నాయి. వీటిని అమర్చేవారు మాత్రం వేర్వేరు. చిక్కు వచ్చినప్పుడు కెమెరాలవారు కరెంటును, ఎలక్ట్రీషియన్ నెట్‌వర్కును, నెట్‌వర్కువారు కెమెరాలను తప్పుపడతారు. చివరకు యజమాని డబ్బు పెట్టి ఒక పరికరాన్ని మారుస్తారు. కారణం ఆ పరికరంలో లేదు కనుక కొత్తది కూడా కొద్ది రోజులకు అలాగే మొరాయిస్తుంది.

అందువల్ల ఏ పరికరాన్నయినా విప్పే ముందు, అన్ని వ్యవస్థలూ కలిసి వాడుకునే నాలుగింటిని పరీక్షించాలి. అవి విద్యుత్ సరఫరా, ఎర్తింగ్, నెట్‌వర్కు కేబుల్, గడియారం. కింద వివరించిన సమస్యల్లో చాలావాటికి మూలం ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది.

పగలు బాగానే ఉన్న కెమెరాలు రాత్రి ఆగిపోతున్నాయి

ఇది తరచుగా వినే ఫిర్యాదు. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, దాంతో అది లాగే కరెంటు పెరుగుతుంది. నెట్‌వర్కు కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ ఆ అదనపు భారాన్ని మోయలేకపోతే కెమెరా ఆగి, మళ్లీ మొదలై, దీపాలు వెలగగానే మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే తంతు సాగుతుంది. పగటిపూట వచ్చి చూసిన మెకానిక్‌కు ఏ లోపమూ కనిపించదు.

మొదట స్విచ్ మొత్తం సామర్థ్యాన్ని చూడాలి. పీఓఈకి సంబంధించిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల వరకు ఇవ్వగలదు, అందులో కేబుల్ నష్టం పోగా పరికరానికి 12.95 వాట్లు అందుతాయని లెక్క. 802.3ఏటీ ప్రమాణంలో ఈ అంకెలు 30, 25.5 వాట్లు. అయితే ఎనిమిది పోర్టుల స్విచ్ ఎనిమిదింటికీ ఒకేసారి పూర్తి వాట్లు ఇస్తుందని అనుకోకూడదు. ఎనిమిది పోర్టులకు 15.4 చొప్పున 123 వాట్లు కావాలి, కానీ చౌక స్విచ్‌లలో అడాప్టర్ మొత్తం సామర్థ్యం అందులో సగం మాత్రమే ఉండవచ్చు. డబ్బా మీద రాసిన మొత్తం వాట్లను చూసి, అన్ని కెమెరాల రాత్రి భారాన్ని కూడి, పైన కనీసం నాలుగో వంతు మిగులు ఉండేలా స్విచ్‌ను ఎంచుకోవాలి.

స్విచ్‌లో లోపం లేకపోతే కేబుల్‌ను అనుమానించాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగతో చేసిన కేబుల్ మన బజార్లలో తక్కువ ధరకు దొరుకుతుంది. దాని విద్యుత్ నిరోధం అసలు రాగి తీగ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పొట్టి దూరానికి పనిచేసినట్టే అనిపించి, 60, 70 మీటర్లు దాటేసరికి రాత్రి భారం కింద వోల్టేజీని తినేస్తుంది. పరీక్ష చాలా తేలిక. తీగ కొనను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపించేది అల్యూమినియం, ఎర్రగానే ఉండేది రాగి. తెల్లగా కనిపిస్తే పోర్టులు, కెమెరాలు మార్చడం వృథా, కేబులే మార్చాలి. రాగి తీగకు కూడా స్విచ్ నుంచి పరికరం వరకు రెండు కొసల్లోని పొట్టి తీగలతో (ప్యాచ్ కార్డులతో) కలిపి 100 మీటర్లు హద్దు అని మరువరాదు. దూరం అంతకు మించితే మధ్య అంతస్తులో మరో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ వేయాలి.

ఉరుముల వాన తర్వాత పోర్టులు కాలిపోతున్నాయి

వేసవి సాయంత్రాల్లో ఉరుములు మెరుపులతో వచ్చే వానలు ఈ జిల్లాల్లో ఏటా తప్పవు. వాన వెలిసిన మరునాడు గేటు దగ్గర కెమెరా, వెనుక గోడౌన్‌లో స్విచ్, జనరేటర్ గదిలోని కంట్రోలర్ ఒకేసారి చచ్చిపడి ఉంటాయి. పిడుగు భవనం మీదే పడిందని యజమాని అనుకుంటారు. చాలాసార్లు పిడుగు దూరంగానే పడి ఉంటుంది. రెండు కట్టడాలకు వేర్వేరు ఎర్త్ గుంటలు ఉండి, వాటిని రాగి నెట్‌వర్కు కేబుల్ కలుపుతున్నప్పుడు, పిడుగు కరెంటు నేలలో పాకే ఆ క్షణంలో ఒక గుంట దగ్గరి వోల్టేజీ రెండో గుంట దగ్గరి వోల్టేజీ కంటే వేల వోల్టులు ఎక్కువ కావచ్చు. ఆ తేడా అంతా సన్నని కేబుల్ గుండా పారి రెండు కొసల్లోని పోర్టులను కాల్చేస్తుంది.

దీనికి నమ్మదగిన పరిష్కారం ఒక్కటే. ఒక కట్టడం నుంచి మరో కట్టడానికి రాగి తీగ వేయకుండా, లోహపు కవచం లేని ఫైబర్ వేయాలి. గాజు గుండా కరెంటు పారదు కనుక ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఫైబర్ వేయడం కుదరని చోట కేబుల్ రెండు కొసల్లోనూ ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే నెట్‌వర్కు సర్జ్ రక్షణ పరికరాలు పెట్టవచ్చు, కానీ అవి ఎర్త్‌కు పొట్టి, లావు తీగతో కలిసి ఉంటేనే పనిచేస్తాయి. మెయిన్ ప్యానెల్‌లో విద్యుత్ సర్జ్ రక్షణ ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక తప్పుడు నమ్మకాన్ని గట్టిగా ఖండించాలి. 'కంప్యూటర్లకు శుభ్రమైన ఎర్త్ కావాలి' అని విడిగా ఒక గుంట తవ్వించి, దాన్ని భవనపు ప్రధాన ఎర్త్‌కు కలపకుండా వదిలేయడం మన ప్రాంతంలో పాతుకుపోయిన అలవాటు. గుంటలు ఎన్నయినా ఉండవచ్చు, కానీ వాటన్నిటినీ కింద రాగి పట్టీతో ఒకటిగా కలపాలి. విడిగా వదిలేసిన గుంట వల్ల, పైన చెప్పిన వోల్టేజీ తేడా ఒకే గదిలోకి వస్తుంది, అది పరికరాలకే కాక మనుషులకూ ప్రమాదం. ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043. దాన్ని ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు పాటించాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాల రాతి నేలలో, ఎర్ర మట్టిలో నిరోధం ఎక్కువగా ఉంటుంది. అందులోనూ వానాకాలంలో కొలిచిన విలువ మే నెలలో నిలవదు. కనుక ఎర్త్ పరీక్షను ఎండలు ముదిరిన రోజుల్లోనే చేయించాలి. ఎర్త్ కొలిచే పరికరం లేనప్పుడు కూడా మల్టీమీటర్‌తో సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడవచ్చు. భారం ఉన్నప్పుడు అది రెండు మూడు వోల్టులు దాటి ఉంటే ఎర్తింగ్‌లోనో, న్యూట్రల్ జాయింట్‌లోనో లోపం ఉందని గ్రహించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

అలారం మోగింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు

మిగతా సమస్యల వల్ల డబ్బు పోతుంది, దీని వల్ల ప్రాణాలు పోతాయి. అందుకే దీన్ని పరీక్షించకుండా ఏ భవనాన్నీ వాడుకలోకి తీసుకురాకూడదు.

కారణాలు రెండు. మొదటిది, అలారం ప్యానెల్ తలుపులకు నేరుగా తీగతో కాక కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ద్వారా కబురు పంపేలా అమర్చడం. నిప్పు అంటుకున్నప్పుడు ముందు పోయేది కరెంటు, ఆ వెంటనే స్విచ్, సర్వర్. కబురు అందించేదే లేకపోతే తలుపుకు తెలిసే దారి లేదు. రెండోది ఇంకా లోతుగా దాగి ఉంటుంది. అయస్కాంత తాళానికి కరెంటు ఇచ్చే పెట్టెలో బ్యాటరీ ఉంటుంది. అలారం రాగానే కరెంటు తెంపే స్విచ్, అంటే రిలే, ఆ పెట్టెకు వచ్చే 230 వోల్టుల సరఫరాను మాత్రమే తెంపేలా అమర్చితే, బ్యాటరీ తన పని తాను చేస్తూ తాళాన్ని గంటల తరబడి బిగించి పట్టుకుంటుంది. కరెంటు తీసి పరీక్షించినవారు రిలే పనిచేసిందని సంతృప్తి పడతారు, తలుపును తోసి చూడరు.

సరైన అమరికలో రిలే కాంటాక్టు బ్యాటరీకీ తాళానికీ మధ్య ఉండాలి. మామూలు సమయంలో రిలే కరెంటుతో లాగి పట్టబడి ఉండి, అలారం వచ్చినా, తీగ తెగినా, ప్యానెల్ చచ్చినా వదిలేసి తాళానికి కరెంటు తెంపాలి. తలుపు పక్కన లోపలి వైపు, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా తాళపు కరెంటునే తెంపే అత్యవసర బటన్ కూడా ఉండాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో నాలుగో భాగం అగ్ని, ప్రాణరక్షణ గురించే చెబుతుంది, డిజైన్ చేసేవారు దాన్ని చదివి తీరాలి. నెలకోసారి, సిబ్బంది ఉన్న వేళలో, అలారం మోగించి ప్రతి తలుపునూ చేత్తో తోసి చూడాలి.

తాళం బిగుసుకోకుండా వదులుగా ఉంటే అది మరో కథ. 12 వోల్టుల తాళం సుమారు అర ఆంపియర్ లాగుతుందనుకుందాం. అర చదరపు మిల్లీమీటరు తీగతో 40 మీటర్ల దూరం వేస్తే, రానుపోను 80 మీటర్ల తీగ నిరోధం సుమారు 2.75 ఓములు, తగ్గే వోల్టేజీ దాదాపు 1.4. తాళానికి అందేది పదిన్నర వోల్టులే. లావు తీగ వేయడమో, సరఫరా పెట్టెను తలుపు దగ్గరికి తేవడమో చేయాలి.

కరెంటు పోయి వచ్చాక వ్యవస్థలు ఒకదాన్నొకటి గుర్తుపట్టవు

కరెంటు పోగానే యూపీఎస్, నిమిషం తర్వాత జనరేటర్, తిరిగి వచ్చాక మెయిన్. ఈ మార్పిడిలో కెమెరాల రికార్డరు బతికి ఉండి, దానికి కెమెరాలను కలిపే స్విచ్ ఆగిపోతే, రికార్డరుకు బ్యాకప్ ఉండి ప్రయోజనం లేదు. గొలుసులోని ప్రతి పరికరమూ, అంటే ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టె, రూటర్, అంతస్తుల స్విచ్‌లు, రికార్డరు, అన్నీ యూపీఎస్ మీదే ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి. అలాగే, పరికరాలకు నెట్‌వర్కు చిరునామాలు తమంతట తామే వచ్చేలా వదిలేస్తే, అన్నీ ఒకేసారి తిరిగి మొదలైనప్పుడు నిన్నటి చిరునామా నేడు మరొకరికి పోవచ్చు. కెమెరాలకు, తలుపు కంట్రోలర్లకు, ఏసీ ప్యానెళ్లకు స్థిర చిరునామాలు ఇచ్చి, వాటి పట్టికను ర్యాక్ (నెట్‌వర్కు పరికరాలు పెట్టే బీరువా) తలుపు లోపల అతికించాలి.

యూపీఎస్ బ్యాటరీలు ముందే చచ్చిపోతున్నాయంటే ర్యాక్ ఎక్కడుందో చూడాలి. సీల్డ్ లెడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల ఉష్ణోగ్రతను ఆధారం చేసుకుని చెప్పినది. ఆపైన సుమారు ప్రతి 10 డిగ్రీలకు అది సగానికి తగ్గుతుంది. మెట్ల కింద గాలి ఆడని గూట్లో మే నెల వేడిలో ఉన్న బ్యాటరీ నుంచి పూర్తి ఆయుష్షు ఆశించలేం.

గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు. దొంగతనం జరిగాక రికార్డరు సమయం ఒకటి, తలుపు కార్డు సమయం ఇంకొకటి చూపిస్తే, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో పోలీసులకు నిరూపించలేం. భవనంలోనే ఒక పరికరాన్ని, సాధారణంగా రూటర్‌ను, సమయానికి ఆధారంగా నిర్ణయించి మిగతావన్నీ దాన్నుంచే సమయం తీసుకునేలా అమర్చితే, ఇంటర్నెట్ పోయినా అన్నిటి సమయం ఒకటిగానే ఉంటుంది.

ఏసీల రీడింగులు వస్తూ పోతూ ఉన్నాయి

నియంత్రణ తెరపై ఏసీ యూనిట్లు కాసేపు కనిపించి కాసేపు మాయమవుతుంటే, చాలాసార్లు లోపం ఆ యూనిట్లను నియంత్రణ వ్యవస్థకు కలిపే ఆర్‌ఎస్-485 తీగలో ఉంటుంది. ఈ తీగ ఒక పరికరం నుంచి మరోదానికి వరుసగా పోవాలి, చెట్టు కొమ్మల్లా చీలకూడదు. రెండు చివరల మాత్రమే 120 ఓముల రెసిస్టర్ ఉండాలి, మధ్యలో ఉండకూడదు. ఒకే నంబరు రెండు యూనిట్లకు ఇచ్చినా, ఒకటి సమాచారం పంపే వేగం మిగతావాటికి భిన్నంగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. చివరి నుంచి ఒక్కో యూనిట్ విప్పుతూ వస్తే దోషి బయటపడుతుంది. కరెంటు తీగలతో కలిపి ఒకే ట్రేలో వేసి ఉంటే వేరుచేయాలి, దాటవలసిన చోట అడ్డంగా దాటించాలి.

కల్యాణ మండపంలో స్పీకర్ల నుంచి హోరు

మిక్సర్ ఒక సాకెట్ నుంచి, యాంప్లిఫయర్ దూరంగా మరో సర్క్యూట్ నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్ మార్గం రెండుగా చీలి హోరు వస్తుంది. రెండింటినీ ఒకే సర్క్యూట్ మీదికి తేవాలి, సమతుల్య (బ్యాలెన్స్‌డ్) ఆడియో కేబుల్ వాడాలి, అవసరమైతే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొడితే హోరు పోతుందన్న మాట నిజమే, అయితే మైకు పట్టుకున్న పురోహితుడికో, పాడే పిల్లకో షాకు కొట్టేది కూడా అందువల్లే. దాన్ని ఎన్నడూ చేయకూడదు.

తీరం దగ్గర తుప్పు

గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి కెమెరా కనెక్టర్లు పచ్చబడి, మొదట చిత్రం మినుకుమంటుంది, తర్వాత ఆగుతుంది. బయటి జాయింట్లన్నీ నీరు చొరని పెట్టెల్లో ఉండాలి, కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి వంకర తిరగాలి, అప్పుడే వాన నీరు లోపలికి పాకదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. కనుక డిజైన్‌లో తుపాను తర్వాతి రోజును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ర్యాకును, బ్యాటరీలను నేలమాళిగలో పెట్టకుండా పై అంతస్తులోనే ఉంచాలి, జనరేటర్‌ను ఎత్తైన దిమ్మె మీద నిలపాలి.

మొత్తం నెట్‌వర్కు ఒక్కసారిగా స్తంభించిపోతే

స్విచ్ దీపాలన్నీ ఒకే వేగంతో ఆగకుండా మెరుస్తుంటే, ఎవరో ఒక కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లోనో, రెండు స్విచ్‌ల మధ్య రెండుసార్లో పెట్టారని అర్థం. ఇలా ఏర్పడిన చుట్టును (లూప్‌ను) గుర్తించే ఎస్‌టీపీ సదుపాయం ఉన్న స్విచ్‌లలో దాన్ని ఆన్ చేయాలి. లేని చోట కేబుళ్లు ఒక్కొక్కటిగా తీసి చూడడమే మార్గం.

ఆ పని పది నిమిషాల్లో ముగియాలంటే కేబుళ్ల మీద లేబుళ్లు ఉండాలి. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన పనివాళ్లు తెలుగులో, బరంపురం పనివాళ్లు ఒడియాలో, కాంట్రాక్టరు ఇంగ్లీషులో రాసి వెళ్తే తర్వాత వచ్చినవారు చదవలేరు. లేబుల్‌పై అక్షరాలు కాక అంకెలే ఉంచాలి. మొదటి అంకె అంతస్తు, రెండోది ర్యాకు, తర్వాతి రెండు పోర్టు. అదే సంఖ్యను కేబుల్ రెండు కొసల్లోనూ, గోడ సాకెట్ మీదా, నక్షా మీదా వేయాలి. నక్షా ఒక ప్రతిని యజమాని బీరువాలో, మరో ప్రతిని ర్యాకు తలుపు వెనుక ఉంచాలి.