షార్క్ సినిమా చూశాక పిల్లలు సముద్రమంటే జడుసుకుంటుంటే

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది తరచూ జరిగేదే, శనివారం రాత్రి షార్క్ సినిమా చూసిన పిల్ల ఆదివారం బీసెంట్ నగర్ బీచ్‌లో కాలు కూడా తడవనివ్వదు. "ఏం కాదులే, రా" అని చెయ్యి పట్టుకుని లాగకండి, దాంతో భయం పోదు సరికదా మీ మీద నమ్మకం పోతుంది.

ముందు సినిమా గుట్టు విప్పండి. 1975లో వచ్చిన 'జాస్'లో ఎక్కువగా కనిపించేది యంత్రపు సొరచేప (షార్క్), దానికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్రూస్. ఉప్పునీళ్లలో అది మాటిమాటికీ మొరాయిస్తుంటే దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు చూపించకుండా సంగీతంతో, నీటి మీద తేలే పీపాలతో భయపెట్టాడు. 'ఫైండింగ్ నీమో' కార్టూన్ సినిమాలో పెద్ద సొరకి బ్రూస్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది, ఈ సంగతి చెప్పండి, చిన్నపిల్లలకి సగం టెన్షన్ తగ్గిపోతుంది.

నిజంగా జరిగినవి కూడా దాచొద్దు. కాకపోతే కరిచిన దగ్గరే కథ ఆపేయకండి. 1963లో ఆస్ట్రేలియాలో రాడ్నీ ఫాక్స్ అనే ఈతగాణ్ని తెల్లసొర ఒళ్లంతా చీల్చేసింది, వందల కుట్లు పడ్డాయి, ఆయన కోలుకుని ఏం చేశాడంటే, మనిషి ఇనప బోనులో ఉండి సొరని దగ్గరగా చూసే ఏర్పాటు చేశాడు, తర్వాత సొరల్ని కాపాడాలని కూడా పనిచేశాడు. హవాయిలో బెథనీ హామిల్టన్‌కి 2003లో 13 ఏళ్లకే టైగర్ షార్క్ వల్ల ఎడమ చెయ్యి పోయింది, నెల తిరక్కుండానే మళ్లీ అలల మీదికి వెళ్లింది. ప్రపంచం మొత్తంలో సొరలు వాటంతటవే మనుషుల్ని కరిచేది ఏడాదికి వందకు లోపే, మనం చంపే సొరలు మాత్రం ఏటా సుమారు 10 కోట్లని అంచనా. ఈ లెక్క పిల్లలకి తప్పకుండా చెప్పాలి, నాకైతే అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆ తర్వాత ఓ పొద్దున్నే కాశిమేడు చేపల హార్బర్‌కి తీసుకెళ్లండి. నేల జారుతుంది, పట్టు దొరికే చెప్పులు వేయండి. అక్కడ చిన్న సొరలు కనిపిస్తే, అదే, బాలింతలకి పిట్టు కూర చేసిపెట్టేవి, అమ్మే అక్కని అడిగి ముట్టుకోనివ్వండి. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది, తోక నుంచి తల వైపు నిమిరితే గరుకు కాగితంలా వేలికి గీసుకుంటుంది, ఎందుకంటే ఆ చర్మం నిండా పళ్లలాంటి పొలుసులే. ముక్కు కింద సన్నటి రంధ్రాలుంటాయి, మెల్లగా నొక్కితే జిగురు వస్తుంది, వేరే చేప ఒంట్లోంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తుని సొర పసిగట్టేది వాటితోనే. ఇది చూశాక పిల్లలు మిమ్మల్ని ప్రశ్నలతో ఊపిరి తీసుకోనివ్వరు. సొరల్లోకెల్లా పెద్దదైన వేల్ షార్క్ మన తీరాల్లోనూ తిరుగుతుందనీ, తినేది నీళ్లలోని చిన్నచిన్న జీవుల్నేననీ, 2001 నుంచి దాన్ని పట్టడం నేరమనీ అప్పుడే చెప్పేయండి.

ఇక నీళ్లలోకి దింపే ముందు, నిజంగా భయపడాల్సింది దేనికో నేర్పండి. మెరీనా దగ్గర ప్రాణాలు తీసేది మనిషిని ఒడ్డు నుంచి లోపలికి ఈడ్చుకెళ్లే నీటి లాగుడు, సొర కాదు. పోలీసులు దిగొద్దంటే దిగకండి, మిగతా చోట్ల కూడా పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి, అలకి వీపు పెట్టి నిలబడనివ్వకండి. ఈతొచ్చిన పెద్దపిల్లలకైతే, లాగుడులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈదాలని, అది కుదరకపోతే తేలుతూ చెయ్యెత్తి అరవాలని ఇసుకలో గీసి చూపించండి.