హారర్ ఆర్‌పీజీలో దెయ్యాన్ని ఎట్ల పెట్టాలంటే

అనంతపురంలో మా రూమ్‌లో ఆదివారాలు నలుగురం హారర్ ఆర్‌పీజీ ఆడతాం, అంటే ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకోని, ఏం జరిగిందో పాచికలేసి తేల్చుకుంటా ఆడే భయం కథ, దాన్ని నడిపే గేమ్ మాస్టర్ నేనే, కొత్తగా నడిపేటోళ్లకి ఉపయోగపడతాదని రాస్తా ఉండా.

ఫస్టే కొరివి దెయ్యం, చేతబడి అని మొదలుపెట్టొద్దప్పా. మీ కథలో ఊరు ఎవర్ని చూసి భయపడతాదో, ఎందుకో అది రాసుకోండి, రాజకీయమంతా ఆడనే ఉండాది. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు అనే హారర్ ఆర్‌పీజీకి ఆధారం అమెరికా హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ కథలు, ఆయన రాక్షసుల్లో వలస వచ్చినోళ్ల మీద ఆయనకున్న ద్వేషం బాగా కనపడతాది. మనం తక్కువేం కాదు, నేను ఫస్ట్ గేమ్‌లో ఎరుక చెప్పే ఆమెనే విలన్ని చేసినా, మావోడొకడు ఆట మధ్యలో లేచి పోయినాడు. తెల్లోళ్లు 1911 చట్టం పెట్టి ఎరుకలోళ్ల లాంటోళ్లని పుట్టుకతోనే నేరస్తులన్నారు, నేను పాచికలేసి అదే అన్నా.

ఫ్యాక్షన్ కూడా వద్దు, సినిమాలోళ్లు అరగ్గొట్టినారు, పైగా ఎదురుగా కూర్చున్నోని ఇంట్లో ఎవరు పోయినారో మనకేం తెలుసు. ఆటకి ముందే ఏది వద్దో ఒక్కొక్కర్ని అడగండి.

ఇంగ మానవత్వం. కథుల్హులో ఘోరాన్ని చూస్తే నీ పాత్రకి మతి అనే పాయింట్లు తగ్గుతాయి. 1991 నాటి వాంపైర్: ద మాస్కరేడ్ అనే ఆర్‌పీజీలో ఘోరం చేస్తే మానవత్వం పాయింట్లు తగ్గుతాయి, సున్నాకొస్తే ఆ క్యారెక్టర్ నీ చేతిలోంచి పోతాది. నాకు ఇదే ఇష్టం.

మేం ఇప్పుడు ఆడేది 1876-78 ధాత కరువు. ప్లేయర్లు కరువు పనుల క్యాంపులో గుమాస్తాలు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర పొద్దంతా పని చేసిన మగోనికి ఒక పౌను గింజలకి సరిపడా డబ్బు, అంటే దాదాపు 450 గ్రాములకి, పైన ఒక అణా చాలన్నాడు. మనిషి బతకడానికి ఎంత కావాలో కుర్చీలో కూర్చోని లెక్కేసినారు చూడు, దానికంటే పెద్ద దెయ్యం నేను కనిపెట్టలేకపోయినా. అందుకే మా ఆటలో ఆకలితో పోయినోళ్లు రాత్రిపూట వచ్చి లైన్లో నిలబడి కూలి అడుగుతారు, అంతే, ఎవర్నీ ఏమీ చెయ్యరు. వాళ్లకిస్తే తెల్లారి బతికినోళ్లకి తక్కువ పడతాది. అందరికీ మానవత్వం 7 ఇవ్వండి. దెయ్యాన్ని తరిమితే తగ్గించొద్దు, లెక్క సరిపెట్టడానికి హాజరు పుస్తకంలో ఒక ముసలామె పేరు కొట్టేస్తే ఒకటి తగ్గించండి. పది ముఖాల పాచిక లేకపోతే 1 నుంచి 10 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి తీయండి.

మావోళ్లు పోయిన వారం హాజరు పుస్తకం కాల్చేసినారు. దెయ్యాలు మాత్రం లైన్ కదల్లేదు, వచ్చే ఆదివారానికి ఏం చెయ్యాలో ఇంకా రాసుకోలేదు నేను.